ఏడు గౌన్లు

ఆ పిల్లకి ఉన్నది ఒకటే గౌను.
నా దగ్గర మాత్రం ఏడు.
బూడిదరంగు నూలు, మోకాళ్ల కింది దాకా,
ఎడమ చేతి అంచు దగ్గర
సరిగ్గా రెండంగుళాల చిరుగు.

ఓడెక్కిన నాటి నుంచీ
ఇస్కా అక్కడే దారాలు లాగుతుంది.
భయమేస్తే ఒక పోగు,
లెక్క తేలితే రెండు.
ఈ సీన్లో ఎన్ని వేలాడాయో
తరవాతి సీన్లోనూ అన్నే వేలాడాలి,
నడుమ పది రోజులు గడిచినా సరే.
అందుకే నా మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు.
ఒక పిల్ల బాధని
ఏడుసార్లు ఒకేలా చించడం నా ఉద్యోగం.

స్వాన్సీ అవతల, మూతపడ్డ ఉక్కు మిల్లు షెడ్డులో
మా అంతరిక్షం.
చుక్కలన్నీ నల్లగుడ్డకి పొడిచిన చిల్లులు.
వెనకనుంచి దీపం వేసేది మా చెల్లెలి కొడుకు గెథిన్.
వాడు టీకి పోతూ స్విచ్చి నొక్కితే
పాలపుంత ఆరిపోతుంది.

కథలో దానికి పదిహేడేళ్లు.
గోడకి చెవి ఆనించిందంటే
ఆ ఇనుము ఏ కొలిమిలో కరిగిందో,
కరిగించినవాడు ఆ రాత్రి ఏం తిని పడుకున్నాడో
చెప్పేస్తుంది.
దారి తప్పితే కళ్లు మూసుకుని
దూరాల్ని దుప్పటిలా మడతపెడుతుంది.
అయితే వేడి సూపు చూస్తే వణుకు.
తలుపు చప్పుడైతే బల్లకింద.
తనకి నిద్ర లేకుండా చేసిన తెల్లకోట్ల వాళ్ల పేర్లు
చివర్నుంచి మొదటికి అప్పజెబుతుంది,
ఎక్కాల్లాగా.
ఓడలో అందరికీ అదంటే ప్రేమే.
కత్తులన్నీ దాచేసిన ప్రేమ.

నిజానికి ఆ గోడ ప్లైవుడ్డు.
పైన వెండిరంగు, రెండు పూతలు.
మొదటివారం హెలెద్, ఆ వేషం వేసే అమ్మాయి,
చెయ్యి నా ఒళ్లో పెట్టి కుట్టించుకుంటూ అడిగింది:
"మెన్నా, అసలు ఇనుము చెవికి ఎలా ఉంటుంది?"

షెడ్డు వెనక్కి తీసుకెళ్లాను.
వానలో తుప్పు కారుతూ పాత క్రేను కాలొకటి.
మా నాన్న ముప్ఫై ఒక్కేళ్లు దానికిందే పనిచేశాడు.
ఎడమ చెవి ఇక్కడే వదిలేశాడు.
ఇంట్లో ఏ సంగతైనా కుడివైపుకొచ్చి చెప్పాలి,
అమ్మతో పోట్లాటైతే
తనే ఇటు తిరిగి కూచునేవాడు.

అదంతా నేను హెలెద్‌కి చెప్పలేదు.
తను చెవి ఆనించి చాలాసేపు నిలబడింది.
జుట్టు తడిసింది, మేకప్పు వాళ్లు తిడతారని నా బెంగ.
"చల్లగా ఉంది," అంది.
కాసేపాగి, "ఎవరో మాట మధ్యలో లేచెళ్లినట్టుంది."
ఆ మధ్యాహ్నం ప్లైవుడ్డుకి చెవి ఆనించినప్పుడు
డైరెక్టరు కట్ చెప్పడం మర్చిపోయాడు.

తొమ్మిదో భాగంతో ఆపేశారు.
చూసేవాళ్లు చాల్లేదట.
"నాకు తెలుసు, అది" అని ఇస్కా నోరు తెరిచిన చోట
కథ అలాగే ఉండిపోయింది.
ఓడని రంపంతో కోశారు, మూడు లారీలు.
హెలెద్ ఇప్పుడు ఇంకో సీరియల్లో నర్సు:
ఇస్త్రీ యూనిఫాం, ఒక్క చిరుగైనా లేదు.

సామాన్లు అప్పజెప్పేటప్పుడు ఆరు గౌన్లే ఇచ్చాను.
ఏడోదాని ఎదురుగా "పాడైంది" అని రాశాను.
"అన్నీ పాడైనవేగా," అన్నాడు గుమాస్తా,
నవ్వకుండా.

నిన్న రాత్రి సూది ఎక్కించుకుని కూచున్నాను,
ఇక ఆ చిరుగు మూసేద్దామని.
గౌను తిరగేశాను.
కుడి చేతి అంచు లోపల,
కెమెరాకి ఎప్పటికీ కనపడని చోట,
గోటితో లాగిన పోగులు, సన్నగా, బోలెడు.
ఇవి నేను చించినవి కావు.
నా పుస్తకంలో ఎక్కడా లేవు.

అలవాటు కొద్దీ టేపు పెట్టి చూశాను.
ముప్పావు అంగుళం.