బావి మోసుకొచ్చేంత సేపు

వొలోగ్దా రంగశాల నేలమాళిగలో
మార్చి మంచు కరిగి గోడల్లోంచి చెమ్మ దిగినప్పుడు
కపితోలినా యెవ్‌గ్రాఫొవ్నా
నలభై కట్టల స్వరపత్రాలు పైకి చేర్పించింది.
ఆవిరి గొట్టాల మీద పసిపిల్లల బట్టల్లా ఆరేసింది.

వాటిలో ఒకటి ఏ జాబితాలోనూ లేదు.
నాటకం పేరున్న అట్టను ఎలుకలు తినేశాయి.
రాసినవాడి సంతకంలో
"నీఖిన్" అనే తోక మాత్రం మిగిలింది.
ఆ కథ ఎప్పుడో కంచికి చేరింది,
దాని సంగీతమే ఇంకా ఇంటికి పోలేదు.

ఇది ఒపేరా కాదు, బాలే కాదు.
తెర దించి, అడవిని తీసేసి, పెరడు నిలబెట్టేలోగా
బూట్ల చప్పుడు జనానికి వినబడకూడదని
ఎవరో నెల జీతానికి రాసిచ్చిన నాలుగు నిమిషాలు.

నేను రెండో బసూన్.
ఎవరూ నన్ను చూడ్డానికి టిక్కెట్టు కొనరు.
నా కాగితం అంచున పెన్సిల్ రాతలు, మూడు చేతులవి:
"ఇక్కడ మంచు మోసుకుపోతారు. దూది రేగుతుంది. తుమ్మకు."
"గ్రూన్యా ఇవాళ కూడా ఆలస్యం."
"అడవిని పొయ్యిలో పెట్టేశారు. ఈ చలికాలం చెట్లు లేకుండానే."

మొదటి రోజు వాయించి పెదవి విరిచాం.
రెండో రోజు ఎవరం మాట్లాడలేదు.
సెల్లోలు చీకట్లో అగ్గిపెట్టె తడుముకుంటున్నట్టు నడుస్తాయి,
రాగం అందబోయే చోట మర్యాదగా చెయ్యి వెనక్కి తీసుకుంటాయి.
చప్పట్లు అడగని సంగీతం.
తను ఉన్నట్టు ఎవరికీ తెలియకపోతేనే
పని బాగా చేసినట్టు.

చిక్కల్లా ఇరవై రెండో గడిలో.
ఒకే ఒక్క స్వరం, దాని నెత్తిన వంపు, వంపు కింద చుక్క,
రెప్ప వెయ్యని కన్ను.
పక్కన నల్ల సిరాతో: "బావి వచ్చేదాకా."

బావి ఎంతసేపటికి వస్తుంది?
వెలిమీర్ అర్కాద్యెవిచ్ నాలుగు లెక్కపెట్టి చూశాడు,
ఏడు, ఆపైన పదకొండు.
ఒకసారి స్వరం పుట్టకముందే పోయింది,
ఒకసారి మా చేతుల్లోనే ముసలిదైపోయింది.
కర్ర కింద పెట్టి, టీ తెమ్మన్నాడు.

అప్పుడు కపితోలినా
నికనోర్ ఫెదొసేయిచ్‌ని వెంటబెట్టుకొచ్చింది.
ఎనభై ఆరేళ్ళు, ఎడం చెవి లేదు,
పదిహేనో ఏట ఇక్కడే వడ్రంగుల దగ్గర చేరినవాడు.
పాట గుర్తుందా అని అడిగాం.
లేదన్నాడు.
బరువు గుర్తుందన్నాడు.

"ముందు నలుగురు, వెనక ఇద్దరం.
మూడో పలక మెత్తన, అక్కడ అడుగు నెమ్మది.
దించేటప్పుడు వేళ్ళు చూసుకోవాలి."

శుక్రవారం, గ్రంథాలయం హాల్లో,
పంతొమ్మిది మంది.
వాళ్ళలో ఇద్దరు చలికి లోపలికొచ్చినవాళ్ళు.
తెర లేదు, వేదిక లేదు, మోసేవాళ్ళు లేరు.
ఇరవై రెండో గడికి వచ్చాం.
వెలిమీర్ కర్ర గాల్లో ఆపి
మొదటి వరసలోకి చూశాడు.

పాత కోటు కింద ముసలాయన కుడి భుజం
కాస్త పైకి లేచింది.
కూర్చునే నడుస్తున్నాడు.
నా రొమ్ములో గాలి అడుగంటుతోంది.
మూడో పలక దగ్గరికొచ్చినట్టున్నాడు, నెమ్మదించాడు,
నాకు కళ్ళ ముందు నల్లటి చుక్కలు,
ఇంకా నడుస్తూనే ఉన్నాడు,
వంగాడు,
రెండరచేతులూ మోకాళ్ళ మీదికి దిగాయి,
చప్పుడు కాకుండా ఒక్కో వేలూ విడిచాడు.

అప్పుడు ఫ్లూట్.
లోపల నీళ్ళున్నాయా అని
ఎవరో పిల్ల బావి అంచు పట్టుకుని తొంగిచూసినట్టు.

అంతా అయ్యాక ఆయన చెయ్యి పట్టుకోబోయాను.
విడిపించుకుని అన్నాడు:
"బాగానే ఉంది గానీ
ఎడమవైపు ఒక మూల నేలకి ఆనలేదు."

రాత్రి పెట్టె సర్దుతూ పెన్సిల్ చెక్కాను.
గ్రూన్యా ఆలస్యానికి కింద, కాస్త జాగా ఉన్నచోట
రాసిపెట్టాను:
"మూడో పలక దాటేదాకా ఊపిరి దాచుకో."