ఎడమచేతి ముడి

పత్రికలో బెలమిర్ స్నానాలగది.
బోస్ఫరస్ వైపు కిటికీ, పాలరాతి గట్టు,
గట్టు మీద సీసాలు.
ఇక్కడ ఎస్కిషెహిర్‌లో, మందులషాపు కౌంటర్ వెనక
టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా
భూతద్దం తీశాను.

పేర్లు ఇటు తిరిగి ఉండవు.
ఉంటే నాతో పనేముంది?
మూత భుజాలు చూస్తాను, మెడ పొడవు,
లోపలి ద్రవం ఏ వన్నె పసుపో.
మొదటిది పారిస్ గులాబీ, నా నెల జీతం.
రెండోది రాత్రి రాసుకునే క్రీము, మూత సరిగా బిగించలేదు.
మూడోది ఎవరో ఇచ్చింది,
సెలోఫేన్ కూడా విప్పలేదు పాపం.
"ఇంకా, ఇంకా చెప్పు ముజెహ్హెర్ అక్కా"
కాలేజీ పిల్లలు మెడ మీదికి వంగుతారు.
కొనలేనిదాని పేరు తెలిసి ఉండడం
ఓ చిన్న ఆస్తి.

నాలుగోది అద్దం అంచున, సగమే కనబడుతోంది.
చదును మందుసీసా.
బిరడా చుట్టూ పురికొస,
ముడి ఎడమచేతి వాటం.

వెనకగది పీపాలోంచి గరాటుతో
నేను వంపిన పొగాకు కొలోన్యా!
నెలకోసారి ఓ కుర్రాడొస్తాడు,
కారు ఇంజను ఆపడు.
"మా అమ్మకి" అంటాడు, చిల్లర వద్దంటాడు.

"నాలుగోది ఏంటక్కా?"
"దగ్గు మందు" అన్నాను.
పిల్లల మొహాలు వాడిపోయాయి.

సాయంత్రం వాడొచ్చాడు.
"అమ్మ కులాసానా?"
"ఆఁ" అన్నాడు, బూట్లకేసి చూస్తూ.
బిరడా నొక్కి, పురికొస తిప్పి,
ఈసారి కుడిచేత్తో వేశాను ముడి.
వంకరగా వచ్చింది.
ఎవరిదో తెలియనట్టుగా.