ఒత్తు దిగని తెర

మూడు కొటేషన్లు నా టేబుల్ మీద,
ఫ్యాన్ గాలికి లేవకుండ పైన ఒక కాలిపోయిన చోక్.
హన్మకొండల మా కాలేజీకి పదకొండు తెరలు కావాలె.
ప్రిన్సిపాల్ సారుకు తళతళ కావాలె,
అకౌంట్స్ తస్నీమ్ మేడంకు తక్కువ ధర కావాలె,
వైరు ఎక్కడి నుంచి పోతదో
ఎవ్వరూ అడుగరు.

ఇంట్ల టీవీ వేరు, నోటీసు తెర వేరు.
టీవీ సీరియల్ అయిపోంగనే పండుకుంటది.
ఇది పొద్దుగాల ఏడింటి నుంచి స్టడీ అవర్ దాకా
నిలవడే డ్యూటీ చెయ్యాలె,
జాతర స్పెషల్ బస్సుల కండక్టర్ లెక్క.

క్యాంటీన్ గోడ పడమటి దిక్కు.
మే నెల, మూడున్నర,
అరచెయ్యి ఆ గోడకు ఆనించి చూసిన,
ఎన్ని నిట్స్ కావాల్నో చెయ్యి చెప్పింది.
మూడు వందల యాభై అంటే
ఆ ఎండ ముంగట పట్టపగటి దీపం.
ఏడు వందలు రాసిన.
మేడం అద్దాలు తీసి తుడిచి, మళ్ల పెట్టుకొని
అదే అంకె మళ్ల చదివింది.

"వైఫై ఉండంగ వైర్లెందుకు సార్?"
సేల్స్ పిలగాడు, పేరు ప్రణీత్, మెడల ట్యాగు.
ఒంటిగంటకు బెల్లు కొట్టంగనే
రెండు వేల ఫోన్లు జేబుల నుంచి బయటికొస్తయి బాబూ,
అప్పుడు మా వైఫై
కాజీపేట జంక్షన్ల జనరల్ బోగీ.
హెచ్‌డీఎంఐ తీగకేమో పదిహేను మీటర్లకే ఆయాసం.
క్యాట్ సిక్స్ గుంజాలె, రెండు కొసలకు రెండు డబ్బాలు పెట్టాలె,
మిద్దె మీద ఇనుప పైపులనే పోవాలె.
పద్మాక్షి గుట్ట దిక్కు నుంచి వచ్చే కోతులకు
డేటా కేబుల్ అంటే ఉయ్యాల.

డెమో నాడు తెర ఎలిగింది.
ఇంగ్లీషు నున్నగ నడిచింది. చప్పట్లు.
తర్వాత తెలుగు.
గేటు కాడి నల్లబోర్డు మీద
ఇరవై ఆరేండ్లు నోటీసులు రాసిన సారంగపాణి
తడిబట్ట భుజానేసుకొని దగ్గరికొచ్చిండు.
"సార్, 'చెల్లింపు'ల ఒత్తు కిందికి దిగలే.
పక్కకు కూసున్నది.
'పరీక్ష' రెండు ముక్కలైంది.
ఫెయిలైనోని లెక్క ఉన్నది సార్, చూడుండ్రి."

"అప్డేట్ల వస్తది" అన్నడు ప్రణీత్.
"మా నాయిన కొత్తవాడల జంపఖానాలు నేసేటోడు,
పడుగుల పోగు తెగితే
అప్డేట్ల వస్తదని ఎన్నడు అనలే."
అని, బోర్డు తుడువ పోయిండు.

ఆ రాత్రి టెండర్ల ఏడో షరతు చేర్చిన:
'తెలుగు ఒత్తులు యథాస్థానమున కనబడవలెను.'
సర్వీసుల నేను రాసిన మంచి వాక్యం ఇదొక్కటే.
పరీక్షకు మాటలు సారంగపాణే ఇచ్చిండు:
వస్త్రం, జ్యేష్ఠ, ఉష్ణోగ్రత, స్వాతంత్ర్యం.
ఇద్దరు వ్యాపారులు 'వస్త్రం' కాడనే ఆగిపోయిన్రు.
కరీంనగర్ ఆయన సబ్బుపెట్టెంత ప్లేయర్ తెచ్చిండు,
గీత తప్పకుండ దిగింది ప్రతి ఒత్తు.
సారంగపాణి తల ఊపలే, కని ఏం అనలే కూడ.

పది తెరలకే పైసలు ఒడిసినయి.
గేటుకు తీగ పోవాల్నంటే రోడ్డు తవ్వాలె,
కార్పొరేషన్ల అర్జీ పెట్టి ఏడు వారాలు.
గట్ల నల్లబోర్డు మిగిలింది,
ఎవరి దయ వల్లనో కాదు.

"నా బోర్డుకు ఎన్ని నిట్స్ సార్?" అడిగిండొకనాడు.
దానికి సొంత ఎలుగు లేదు,
ఎండ ఎంత ముదిరితే అంత మంచిగ కనవడ్తది,
కొటేషన్ల గీ ముచ్చటకు గడి లేదు.

తస్నీమ్ మేడం ఫైలు మూసింది.
సుద్దముక్కల డబ్బాలు రెండు,
అవి వేరే పద్దు కింద రాయమన్నది.