జున్ను నేల

నలభై ఏళ్లుగా వలలు బాగుచేస్తున్నాను
క్లాక్స్‌విక్ రేవులో, తారు కంపు వదలని షెడ్డులో.
సముద్రం మీదికి ఒక్కసారీ పోలేదు.
అయినా దాని అడుగు నాకు తెలిసినంత
పోయొచ్చిన మగాళ్లకు తెలీదు.

చిరుగే చెబుతుంది.
రాయి తగిలితే దారం పీచులేస్తుంది.
పగడం తగిలితే కత్తితో కోసినట్టుంటుంది.
ఎక్కడా చిరగకుండా, ఊరికే బరువెక్కి,
బూడిదరంగు జిగురుతో, గంధకం వాసనతో వచ్చిందా,
వల జున్ను నేల మీద ఈడ్చుకొచ్చిందన్నమాట.

ఆ పేరు మా తాతల నాటిది.
డెక్కు మీద పడ్డ స్పాంజీలు
మెత్తగా, బొరియలు బొరియలుగా
విరిగిన జున్ను ముద్దల్లా ఉండేవి.
చేపలేరుకుని మిగతాది పారతో నెట్టేసేవాళ్లు.
నా వంతుకు మిగిలేది గాజు నూగు.
స్పాంజికి ఎముకలుండవు, గాజు సూదులుంటాయి.
రాత్రి పిండి కలుపుతుంటే వేళ్లలో చురుక్కుమనేవి.
"నీ చేతి రొట్టె కూడా కరుస్తుందే బార్బా"
అనేవాడు మా ట్రోండుర్, బతికున్న రోజుల్లో.

పోయిన చలికాలం ఒక వలలో
నాచు పట్టిన ఇనుప గొట్టమొకటి చిక్కుకొచ్చింది.
దాన్ని వెతుక్కుంటూ సున్‌వోర్ వచ్చింది,
పడవ బూట్లు, నిద్రలేని కళ్లు.
పద్నాలుగు నెలలు నీటి నాడి పట్టి చూసిన గొట్టమట.
నా దారం బిల్లు వెనక బొమ్మ గీసి చూపించింది.

పైన వెచ్చటి నీరు ఉత్తరానికి,
కింద గడ్డకట్టేంత చల్లటి నీరు దక్షిణానికి,
ఒకే ఇంట్లో మాటల్లేని తోడికోడళ్లలా.
ఆ రెంటి మధ్య సరిహద్దు మాత్రం ఓ చోట ఉండదు.
రోజుకు రెండుసార్లు వాలు మీదికి ఎగబాకుతుంది,
రెండుసార్లు జారిపోతుంది.
పైన రేవు అద్దంలా ఉన్న రోజున కూడా
ఐదువందల మీటర్ల లోతున
అల విరుగుతూనే ఉంటుంది, చప్పుడు లేకుండా.

అక్కడే, ఆ ఊగే అంచునే, జున్ను నేల.
కాళ్లు లేని వాటికి నీరే కాళ్లు.
అది లేపిన మడ్డిలో ఒక ముద్ద,
అది తెచ్చిన ఊపిరిలో ఒక గుక్క,
అది మోసుకొచ్చి దింపిన పసిగుడ్డు.
కూర్చున్న చోటనే వందేళ్లు
తలుపు తెరుచుకుని ఎదురుచూడటమే వాటి పని.
వాటి సందుల్లో దాక్కున్న ఎర్ర చేపపిల్లలు
ఆ తర్వాత మా పళ్లేల్లోకి వస్తాయి.

మార్చిలో ఊరి హాల్లో మీటింగు.
మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన పెట్టె:
ఇందులో వల వేయకూడదు.
హానుస్ లేచాడు. కోప్పడలేదు, అలిసిపోయాడంతే.
"అప్పు నా పేరున ఉంది, స్పాంజి పేరున కాదు."
ఎవరూ నవ్వలేదు. అతని పడవ వలలూ నేనే కుడతాను.

నేనడిగాను:
ఆ పసిగుడ్లు ఎక్కణ్ణుంచి వస్తాయమ్మా?
సున్‌వోర్ కాసేపు మ్యాపు చూసింది.
ప్రవాహానికి ఎగువ నుంచి. ఎంత ఎగువో ఇంకా తెలీదు.
పెట్టె లోపలా?
బయట, అంది.

అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పాను.
చిరుగు ఉన్నంత మేరే కుడితే వల నిలవదు.
గట్టి ముడి దొరికే దాకా వెనక్కి వెళ్లాలి,
పాడైన కన్నులు కత్తిరించుకుంటూ,
మనసొప్పకపోయినా.
అక్కడ మొదలుపెట్టాలి సూది.

ఆ మాట ఎవరూ రాసుకోలేదు. కాఫీ వచ్చింది.
హానుస్ మాత్రం వెళుతూ వెళుతూ
"ఎంత వెనక్కి?" అన్నాడు,
నన్నో, మ్యాపునో.

ఇవాళ గాలి లేదు.
రేవులో నీటి మీద గువ్వ ఈక కూడా కదలడం లేదు.
కుడి బొటనవేలిలో పాత సూది ఒకటి,
తీయడానికి రానిది, చలికి సలుపుతోంది.
గడియారం చూశాను.
ఈ పాటికి కింద
చల్లటి నీరు వాలెక్కుతూ ఉండాలి.