వాటానికి అడ్డంగా

చీమకుర్తిలో తెల్లారేది సూర్యుడితో కాదు,
లారీ హారన్లతో.
రామతీర్థం రోడ్డు మీద నల్లరాతి దిమ్మెలు మోసుకొని
నలభై మూడు బండ్లు, ఒకదాని తోక ఒకటి పట్టుకొని.
కాటాలు పన్నెండు.
పన్నెండు కాటాల బరువులూ వచ్చి పడేది
నేను కట్టిన ఒక్క డేటాబేసులో.

ఆ ఒక్కదానికి ఒక్క తాళం.
నాలుగో కాటా రాస్తుంటే
తొమ్మిదో కాటా చేతులు కట్టుకొని నిలబడాలి,
పదకొండోది దాని వెనక.
రాసేది ఎంతసేపని? రెప్పపాటులో పదో వంతు.
అయినా ఆ రెప్పపాట్లన్నీ పోగుపడి
మస్తానమ్మ టీ కొట్టు ముందు
గంటంపావు అయ్యేవి.
తెర మీద ఎర్రగా ఒకటే మాట: తాళం వేసి ఉంది.
డ్రైవర్లు నన్ను తిట్టిన తిట్లు మాత్రం
ఏ తాళానికీ ఆగలేదు.

సరే, పగలగొడదాం అనుకున్నా.
ఒకటిని ఎనిమిది చేస్తే ఎనిమిది తాళాలు,
ఎనిమిది చేతులు ఒకేసారి రాసుకోవచ్చు.
ఎక్కడ పగలగొట్టాలో అదే తెలీలేదు.

పల్లపు తిరపాలును అడిగా.
అరవై దాటిన మనిషి. ఎడమ చెవి పేలుడుకు పోయింది,
కుడి చెవితోనే రాయిని వింటాడు.
"రాయికి వాటం ఉంటదమ్మే.
చెయ్యేసి తడుము.
అది చీలాలనుకున్న కాడే చీల కొట్టు."

తడిమా.
క్వారీ పేరు దగ్గర వాటం తగిలింది.
ఏ క్వారీ బండ్లు ఆ ముక్కలోకే.
ఎంత నున్నగా విడిపోయిందో!
మర్నాడు పొద్దున్నే పెద్ద క్వారీ బండ్లు డెబ్భై
ఒక్క ముక్క మీద పడ్డాయి.
మూడోది ఒగరుస్తోంది,
మిగతా ఏడూ ఈగలు తోలుకుంటున్నాయి.

రాత్రి మళ్ళీ కూర్చున్నా.
ఈసారి వాటానికి అడ్డంగా.
క్వారీ పేరొద్దు, ఊరొద్దు, ఓనరెవరో వద్దు.
పర్మిట్ నంబర్ని ఎనిమిదితో భాగించు,
మిగిలిన శేషమే ఆ బండి గది.
సున్నా వచ్చినా ఏడు వచ్చినా
శేషం ఎవరి మొహమూ చూడదు.
"అడ్డంగానా?" తిరపాలు నవ్వాడు.
"నా రాయైతే పొడైపోయేది."

పాత బరువులన్నీ ఎత్తి
ఎనిమిది గదుల్లో సర్దేసరికి కోడి కూసింది.
క్యూ కరిగింది.
కానీ సాయంత్రం అకౌంట్ల కోటిరత్నం గారు
"ఇయ్యాల మొత్తం ఎన్ని టన్నులు?" అన్నారు.
మొన్నటిదాకా ఒక్క మాటలో చెప్పేదాన్ని.
ఇప్పుడు ఎనిమిది తలుపులు తట్టి, విని, కూడాలి.
ఎనిమిదో గది పలికేలోగా
మొదటి గదిలోకి ఇంకో బండి.
నేను చెప్పే మొత్తం ఎప్పుడూ ఒక బండి పాతదే.
ఆయనకు నచ్చలేదు. నాకూ నచ్చలేదు.
పగలగొట్టి, పగల్లేదని చెప్పలేం గదా.

ఆదివారం క్వారీకెళ్ళా.
తిరపాలు గుంటల్లో వరసగా చీలలు నిలిపాడు.
ఒక్కదాన్నీ గట్టిగా కొట్టడు.
ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కో దెబ్బ,
తల వంచి కుడి చెవి పెట్టి విని
మొద్దుగా పలికిన చీల కాడికి తిరిగొచ్చి
ఇంకొక్కటి.
"అన్నీ ఒక్క గొంతుతో పలకాలమ్మే.
అప్పుడు నేను కొట్టబన్లేదు,
అదే విచ్చుకుంటది."

ఆ మాట మోసుకొచ్చి తెర ముందు కూర్చున్నా.
ఎనిమిది గీతలు, దాదాపు ఒకే ఎత్తులో.
ఆరోది కాస్త బొంగురు.

బయట మస్తానమ్మ స్టవ్ మంట తగ్గించింది.
"ఏం చేశావే తల్లీ, నా బేరమంతా పాయె."
చివరి బండి కాటా ఎక్కింది, దిగింది, పోయింది.
బల్ల మీద దాని డ్రైవర్ టీ
ఇంకా సగం గ్లాసులోనే ఉంది.