ఆలుగడ్డలు

మూసాపేటలో మెట్రో పిల్లరు పక్క మూడో అంతస్తు.
కింద టైర్ల దుకాణం, పైన మా రాజ్యం:
నాలుగు కంప్యూటర్లు, నీళ్లు కారే కూలరు,
ఇరవై రెండు కోటలు, ఒక నది,
ఇంకా ఎవరూ గెలవని ఒక యుద్ధం.

పటం గీసేది నేను.
మొదటిసారి ముచ్చటపడి
ప్రతి అడవికీ ఆకులు వేశాను,
ప్రతి కోటకీ బురుజులు, బురుజుకో జెండా,
జెండాకో నీడ.
ఆడి చూడ్డానికి వచ్చిన ఇమాద్
నిమిషం సేపు తెర కేసి చూసి అన్నాడు:
"మంచిగుంది అక్కా. నా సైన్యం ఏది?"

ఆ రాత్రి జెండాలన్నీ దించాను.

రెండోసారి నదిని రోడ్డనుకున్నాడు.
ఏనుగుల్ని నట్టేట్లోకి నడిపించి
అవి మునిగాక నా వైపు చూశాడు.
తప్పు నాదని మూడు రోజులు ఒప్పుకోలేదు.
నాలుగో రోజు చాదర్‌ఘాట్ వంతెన మీద బస్సు ఆగింది.
కిటికీలోంచి మూసీ:
ఒడ్డెక్కడో, గుర్రపుడెక్క ఎక్కడో, నీళ్లెక్కడో.
నా నదికేమో తారు పోసినంత గట్టి అంచులు.
అంచు చెరిపి లోపల మూడు అలలు గీశాను.
ఇంకా గీయబోయిన చేతిని
వెనక్కి తీసుకున్నాను.

ఐదోసారి తెలిసింది
ఇమాద్‌కి ఎరుపూ ఆకుపచ్చా ఒకటేనని.
"చిన్నప్పటి సంది అంతే. లైసెన్సుకు పోయినప్పుడు దొరికిన,"
నవ్వుతూనే చెప్పాడు.
నా ఎర్ర శత్రువులు నెల రోజులుగా
నా పచ్చటి అడవుల్లో దాక్కుని అతన్ని చంపుతున్నారు.
అతనేమో ఆటే అంత కష్టమనుకున్నాడు.
దించిన జెండాల్లో ఒకదాన్ని మళ్లీ ఎక్కించాను,
ఈసారి తోక చీల్చి,
వేలితో తడిమినా తెలిసేట్టు.

శనివారాల్లో పెంటయ్య సారు వస్తారు.
ఉప్పల్‌లో ముప్పై ఒక్కేళ్లు
ప్రభుత్వ పటాలు గీసిన చెయ్యి,
ఇప్పుడు టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతుంది.
"పేరొచ్చి కొండ మీద కూర్చుంటే
కొండ ఎక్కడికి పోవాలమ్మా?"
పేర్లు పక్కకి జరిపాను.
"మేం తప్పు గీస్తే బ్లేడుతో గోకేవాళ్లం.
కాయితం పలచబడేది. రెండో తప్పుకి చిల్లు."
గ్లాసు కింద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని,
"నీకు చిల్లు పడదు కదా,
అందుకే ఇన్ని గీస్తున్నావు."

ఇంటికెళ్లే దారంతా ఆ మాటే.
మర్నాడు సగం గీతలు తీసేశాను,
చిల్లు పడుతుందన్న భయంతో.

పదకొండు, పన్నెండు, పదమూడు.
అందరూ బాగుందన్నారు. అంటే ఎవరూ చూడట్లేదు.

చూసింది లచ్చవ్వ.
నా కుర్చీ కింద చీపురు తిప్పుతూ ఆగి,
"ఇవేంది బిడ్డా, ఆలుగడ్డలా?"

అవి బండలు.
దక్కను గుండ్లు. కోట్ల ఏళ్లవి.
రెండు వారాలు నీడలు దిద్దిన బండలు.
కోపం వచ్చింది. మళ్లీ చూశాను.
ఆలుగడ్డలే.

ఆదివారం ఖాజాగూడ వెళ్లాను.
సగం గుట్ట ఉంది.
మిగతా సగం ఉండాల్సిన చోట
పద్దెనిమిదో అంతస్తుకి ఇటుకలెక్కుతున్నాయి.
ఉన్న సగంలో, గుండు మీద గుండు,
కిందదాన్ని తాకీ తాకనట్టు,
మధ్య సందులోంచి అటువైపు వెలుతురు.
ఎండలో చాలాసేపు నిలబడ్డాను.
నేను గుండ్లు గీశాను,
సందు గీయలేదు.

పదిహేడో పటం.
ఇమాద్ కూర్చున్నాడు. ఏమీ అడగలేదు.
టీ చల్లారింది, మీగడ కట్టింది.
మెట్రో రెండుసార్లు కిటికీ అద్దాలు కదిపి పోయింది.
తలెత్తకుండానే తన రెండు వందల మందిని
బండల సందులోకి జరిపి, ఊపిరి బిగబట్టి,
శత్రువు కోసం కాచుకున్నాడు.
నేను అక్కడున్నట్టే అతనికి తెలీదు.
ఇన్ని నెలల్లో నాకొచ్చిన మంచి మాట అదే.

లచ్చవ్వ బకెట్టు దించి తొంగి చూసింది.
"గిప్పుడు గుండ్లే.
గీడ మేకలు నిలబడ్తయి."

మా ఆటలో మేకలు లేవు.
అందరూ వెళ్లిపోయాక పద్దెనిమిదో ఫైలు తెరిచి
పై గుండు అంచున ఒక మేకను గీశాను,
గోరంత.
అది యుద్ధం చెయ్యదు, పన్ను కట్టదు,
ఎవరి పక్షమూ కాదు.
రేపు తీసెయ్యమంటారు. తీసేస్తాను.
ఈ ఒక్క రాత్రికి మేస్తుంది.