పడవ కడుపులో రైలు

ఎగ్మూరు, గెంగురెడ్డి రోడ్డు. మెట్ల కింద మా ఆఫీసు.
ఫ్యాను తిరిగితే గోడమీది నీలం గుమ్మటాల క్యాలెండరు
రెపరెపలాడుతుంది, మార్చి దగ్గరే ఆగిపోయి.

యతిరాజులుగారు కూర్చోలేదు.
పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో
ముప్పై నాలుగేళ్ళు వెల్డింగు.
కుడి కన్ను ఇప్పటికీ చికిలిస్తూనే ఉంటుంది,
ఎదురుగా ఏ మంటా లేకపోయినా.

"సిసిలీకి పోవాలమ్మా, ఇద్దరం."
రోమ్ నుంచి విమానం, గంట ప్రయాణం, చవక కూడా, అన్నాను.
"విమానమొద్దు. అక్కడ రైలునే పడవలోకి ఎక్కిస్తారంట గదా?"

ఆరేళ్ళుగా ఆ ద్వీపానికి జంటల్ని పంపుతున్నాను,
కొత్తగా పెళ్ళయినవాళ్ళని, పోట్లాడి రాజీపడ్డవాళ్ళని.
ఈ సంగతి నాకు తెలీదు.

ఆయనే చూపించాడు.
నా స్టేప్లరు రైలు. నా టిఫిను క్యారియరు ఓడ.
"ఇట్లా వస్తాది. ఇక్కడ ఆగతాది.
పెట్టెల్ని విడదీస్తారు.
కొన్ని ఈ పట్టాలమీద, కొన్ని ఆ పట్టాలమీద.
ఓడ నోరు తెరుచుకొని ఉంటాది.
నీళ్ళు ఊగతాయి, నేల ఊగదు గదా,
ఆ రెండిటి నడుమ పట్టా ఎట్టా కలస్తాదో
అదమ్మా నేను చూడాల్సింది."

కాసేపాగి, క్యారియరు మూత సర్ది,
"ఎన్ని పెట్టెలు అతికించానో.
గేటు దాటినాక ఏది ఏ ఊరు పోయిందో
ఎవరు చెప్తారు?"

ఆండాళమ్మగారు అప్పటిదాకా నోరు విప్పలేదు.
సంచిలోంచి తన పాస్‌పోర్టు తీసి
ఆయనదానికి జానెడు దూరంలో పెట్టింది.
"నాకు విమానం వెయ్యమ్మా.
పెళ్ళైన కొత్తలో ఎన్నూరు ఉప్పుటేట్లో పడవెక్కించినాడు.
పట్టుచీరంతా వాంతి.
నేను ముందుపోయి స్టేషన్లో కూచుంటా.
ఆ ఇనుమంతా చూసుకొని నిదానంగా రానీ."

ఆయన నవ్వలేదు.
"కాఫీ తాగేసెయ్. నాకోసం ఆగొద్దు."

ఫారంలో ఒక గడి: కలిసి ప్రయాణిస్తున్నారా?
అవునని నొక్కితే కంప్యూటరు ఒప్పుకోలేదు.
కాదని నొక్కితే నాకు మనసొప్పలేదు.
చివరికి రెండు కాగితాల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి
ఇందాకటి రైలుతోనే పిన్ను కొట్టాను.

సాయంత్రం బండి. పార్కు, కోట, బీచ్.
బీచ్ అని పేరేగానీ దిగితే సముద్రం కనపడదు.
హార్బరు గోడ, దానవతల క్రేన్ల మెడలు.
ఉప్పువాసన మాత్రం టిక్కెట్టు లేకుండా పెట్టెలోకొస్తుంది.

అందరూ దిగారు.
నేను కూర్చునే ఉన్నాను,
కిందెక్కడో ఇనుము ఇనుమును వదిలే చప్పుడు కోసం.

"బండి ఇంక పోదమ్మా" అంది
చీపురు పట్టుకున్నామె, అరవంలో.
చెప్పు వెతుక్కుంటున్నట్టు వంగాను.